తొలి చెంబు

ఆర్మూరు పసుపు మార్కెట్ వెనక గల్లీలో ఎవరింట్లో పప్పు ఉడకకపోయినా ఒకటే మాట వినిపించేది: "పోయి వెంకవ్వ ఇంట్ల బిందెడు నీళ్ళు తెచ్చుకోరాదు!" ఆ గల్లీలో బోరు నీళ్ళన్నీ ఉప్పన. సబ్బు రుద్దితే నురగ రాదు, కుక్కరు ఎన్నిసార్లు కూసినా కందిపప్పు పలుకు విరగదు. వెంకవ్వ పెరట్లో బావి నీళ్ళు మాత్రం మెత్తన. పప్పు వేస్తే ఇట్టే వెన్నలా అయిపోయేది. బిందె పట్టుకుని వచ్చినవాళ్ళు ముందుగా ఆ నీళ్ళను రెండు ముక్కలు పొగడాలి, ఆ తర్వాతే ఆమె చెయ్యి నల్లా మీదికి పోయేది.

మనిషి చెడ్డది కాదు. నోరు పెద్దది, చెయ్యి అంతకన్నా పెద్దది. కాకపోతే ఆమె ప్రేమకు ఒక వరుస ఉండేది, ఆ వరుస తప్పితే ఆమెకు నిద్ర పట్టేది కాదు. తెల్లారగట్ల నల్లా తిప్పగానే వచ్చే తొలి ఇత్తడి చెంబు ఇంట్లో అందరికన్నా ముద్దైన మనిషికి. తర్వాత వంట బిందెలు. ఆ తర్వాత చుట్టపోళ్ళు, గల్లీ వాళ్ళు. అందరికన్నా చివర లిదియా. ఆమె వెనక సందులో రేకుల గదిలో ఉండేది, మార్కెట్లో పసుపు కొమ్ములు ఏరే పనికి పోయేది. చర్చికి పోయే కూలోళ్ళు కదా అని వెంకవ్వ ఆమెను గడప అవతలే నిలబెట్టి, బిందెకు బిందె తగలకుండా ఎత్తి పోసేది. అది తప్పని ఆమెకు ఎన్నడూ తోచలేదు. పోస్తున్నాను కదా, అదే పదివేలు అనుకునేది. ఇక తన సంగతంటారా, అందరి పనీ అయ్యి, పొద్దెక్కి, అంట్లు తోమి, అప్పుడు గొంతు తడుపుకునేది. ఇంటి ఆడది అందరికన్నా ముందు తాగడమేమిటని ఆమె లెక్క.

ఆ తొలి చెంబు మీద ఆమెకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. "రాత్రంత పైపుల పండుకోని లేసిన నీళ్ళు గవి. కుండ నీళ్ళ లెక్క సల్లగుంటయ్. జర తియ్యగ సుత ఉంటయ్" అని చెప్పుకునేది.

ఆ పైపుకు ఒక కథ ఉంది. వెంకవ్వ భర్త ముత్తెన్న పసుపు పండించే రైతు. పాతవాటి మీద మోజున్న మనిషి. మాక్లూర్ అవతల ఒక పల్లెలో దొర గడీ కూలగొడుతున్నారని తెలిసి, టేకు తలుపులు తెద్దామని బండి కట్టుకుని పోయాడు. తలుపులు అప్పటికే ఎవరో ఎత్తుకుపోయారు. ఉత్త బండితో రావడం నామోషీ అనిపించి, చుట్ట చుట్టి పడేసిన పాత పైపు ఒకటి వేసుకొచ్చాడు. బూడిద రంగు. బరువు చూస్తే దించడానికి నలుగురు కావాలి, చేత్తో వంచితే మాత్రం మెత్తగా వంగేది. ఇనుమైతే తుప్పు పడుతుంది, దీనికి ఆ బాధ లేదని ముత్తెన్న మురిసిపోయాడు. బావి నీళ్ళు మోటారుతో ఎక్కే మిద్దె మీది టాంకీ నుంచి గోడలో గాడి కొట్టి, వంటింటి మూల దాకా తన చేతులతోనే దాన్ని పరిచి, పైన మట్టి మెత్తాడు.

ఎదురింటి ముసలమ్మ భాగ్యవ్వ అప్పుడే అన్నది: "గడీల సామాను ఇంట్ల వెట్టకురా ముత్తెన్నా. ఆ దొర ఇంట్ల పిల్లలు నిలువలే. ఉన్న ఒక్కడు మాట రాక నోరు తెరుసుకోని కూసుండేటోడు. వెట్టి చేసినోళ్ళ ఉసురు గది."

"ఉసురు పైపులకెల్లి వస్తదా అవ్వా?" అని ముత్తెన్న పకపకా నవ్వాడు. వెంకవ్వ కూడా నవ్వింది.

పైపు పెట్టిన కొత్తలో ఒక సంగతి అందరికీ వింతగా ఉండేది. తెల్లారగట్ల నల్లా తిప్పితే నీళ్ళు వెంటనే వచ్చేవి కావు. ముందు గోడ లోపల ఎక్కడో సన్నగా ఒక మూలుగు మొదలయ్యేది. అది గోడ వెంబడి నడిచి వచ్చి, నల్లా దగ్గర దగ్గినట్టు దగ్గి, ఆ తర్వాత నీళ్ళు. లోపలి గాలి అట్లా వస్తుందని ముత్తెన్న చెప్పేవాడు. "మా పైపు లేసింది" అని వెంకవ్వ చెంబు పట్టేది. ఆ తొలి చెంబు ముత్తెన్నదే. ఏళ్ళ తరబడి ఆయనదే.

ముత్తెన్న చెడిపోవడం మెల్లమెల్లగా జరిగింది. ముందు కడుపులో మెలిపెట్టే నొప్పి. తర్వాత ముఖంలో నెత్తురు లేకుండా పోయింది. చీమ కుట్టినా నవ్వే మనిషి, అన్నం పళ్ళెం విసిరికొట్టడం మొదలుపెట్టాడు. ఒక ఏడాది పసుపు ఉడకబెట్టే పెద్ద పెనం దగ్గర గరిట ఆయన చేతిలోంచి జారిపడింది. మళ్ళీ ఎత్తబోతే కుడి మణికట్టు పైకి లేవలేదు, వాడిన కొమ్మలా కిందికి వేలాడింది. ఒక దవాఖానలో పుండన్నారు, ఒకచోట గ్యాసన్నారు, ఇంకోచోట పక్షవాతమన్నారు. వెంకవ్వ ఎవరినీ నమ్మక, చెంబుకు తోడు ఇంకో చెంబు పట్టి తాగించింది. ఆఖరి రోజున ఆయన నోట్లో నీళ్ళు పోస్తున్నప్పుడు పెదవి కొద్దిగా పక్కకు జరిగింది. పళ్ళ మొదట్లో, చిగురు మీద, కాటుక పుల్లతో గీసినట్టు సన్నని నీలి నలుపు గీత కనిపించింది. బీడీలు తాగిన నోరు కదా అనుకున్నది.

ముత్తెన్న పోయాక ఆ చెంబు కోడలు తార వంతుకు వచ్చింది. కొడుకు రాజేశ్ మార్కెట్లో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా, వాడు ఇంట్లో నిలిచేది తక్కువ. తార మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు, కడుపులోని బిడ్డకు మంచిదని, వెంకవ్వ ఆమెను నిద్రలేపి మరీ తొలి చెంబు తాగించేది. ఆ కడుపు నిలవలేదు. రెండోసారి తల్లిగారు తారను ముందే కమ్మర్‌పల్లికి తీసుకుపోయి, నెలలు నిండేదాకా పంపలేదు. వెంకవ్వ అలిగింది, నా ఇంట్లో నీళ్ళు లేవా, పాలు లేవా అని దెప్పింది. కానీ పండంటి మనుమరాలిని ఎత్తుకునేసరికి అలకంతా ఆవిరైపోయింది. వర్షిత అని పేరు పెట్టారు. పాలు మానేసిన రోజు నుంచి తొలి చెంబు వర్షితది.

వర్షిత తొందరగా మాటలు నేర్చింది. గల్లీలో ఎవరు నీళ్ళకొచ్చినా పేరు పెట్టి పిలిచేది. తెల్లారగట్ల నాయినమ్మతో పాటే లేచి, చిన్న చెయ్యి గోడకు ఆనించి, చెవి పెట్టి వినేది. గోడలో మూలుగు మొదలవగానే ఆ పిల్ల కళ్ళు పెద్దవయ్యేవి.

"నాయినమ్మా, గోడల తాత ఉన్నడు."

"తాత దేవుని దగ్గర ఉన్నడు బిడ్డా."

"కాదు. గోడల ఉన్నడు. కడుపు నొస్తున్నదంటుండు."

వెంకవ్వ వీపు మీద చల్లటి చెయ్యి పెట్టినట్టయింది. ఆ పిల్ల పుట్టకముందే తాత పోయాడు. కడుపునొప్పి సంగతి ఎవరు చెప్పారో ఏమో. తర్వాత ఆలోచిస్తే తనే ఎప్పుడో ఎవరితోనో అని ఉంటుందిలే అనిపించింది.

ఆ తర్వాతే పిల్ల మాటలు పోవడం మొదలైంది. ఒక్కసారిగా పోతే జ్వరమో ఏదో అనుకునేవాళ్ళు. అట్లా కాదు, డబ్బాలో బియ్యం తరిగినట్టు తరిగాయి. ముందు గల్లీ వాళ్ళ పేర్లు పోయాయి. తర్వాత కుక్క, కోడి, బండి పోయాయి. నిన్న పాడిన పాట నేడు సగానికి ఆగేది, ఆ పిల్ల మిగతా సగం కోసం గోడ వైపు చూసేది. సున్నం గీరి తినేది. కడుపు పట్టుకుని ముడుచుకు పడుకునేది. తెల్లారేసరికి మాత్రం తప్పకుండా లేచి, గోడకు చెవి పెట్టి నిలబడేది.

గల్లీ ఊరుకుంటుందా? భాగ్యవ్వ ఒకనాడు గొంతు తగ్గించి అడిగింది: "పొద్దుగాల్ల ఉత్త బిందెతోని నీ గడపల నిలవడేది ఎవలే వెంకవ్వా?"

లిదియా కూతురు కృప, వర్షిత ఈడుదే. బుగ్గలు నిండుగా, గలగలా మాట్లాడేది. తల్లి కొంగు పట్టుకుని గడప అవతల నిలబడి, చర్చిలో నేర్చిన పాట ఆపకుండా పాడేది. అంతవరకు వెంకవ్వ ఆ పిల్లను సరిగ్గా చూసింది లేదు. భాగ్యవ్వ మాట విన్న మర్నాడు చూసింది. తన పిల్ల నోట్లోంచి పోయిన మాటలన్నీ ఆ పిల్ల నోట్లోంచి వస్తున్నట్టు అనిపించింది. అనిపించగానే ఒళ్ళు మండిపోయింది.

"రేపటికెల్లి నా ఇంటికి రాకు" అన్నది లిదియాతో.

"నేనేం జేసిన పెద్దవ్వా? ఉప్పు నీళ్ళు పిల్లకు పడయి."

"పోలగొట్టుకున్నది నేను. నువ్వు అడుగుతవా?"

లిదియా ఉత్త బిందె చంకనెత్తుకుని, కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టి వెళ్ళిపోయింది.

లిదియా రాకపోయినా వర్షిత బాగుపడలేదు. వెంకవ్వ తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టింది. తొలి నీళ్ళు ఒక చెంబు కాదు, రెండు. తులసాకు వేసి, ఒక్కోసారి కాచి చల్లార్చి, తన ఇష్టదైవాన్ని తలుచుకుని, పిల్ల గొంతులో చివరి చుక్క దాకా పోసేది. ఎండాకాలంలో తార పిల్లను కమ్మర్‌పల్లికి తీసుకుపోయింది. అక్కడున్నన్ని రోజులు పిల్ల తేరుకుంది. పోయిన మాటలు నాలుగైనా తిరిగొచ్చాయని ఫోనులో చెబితే, తన తులసి నీళ్ళు ఆలస్యంగానైనా పనిచేశాయని వెంకవ్వ దండం పెట్టుకుంది. వానలు పడ్డాక ఆర్మూరు తిరిగొచ్చారు. మాటలు మళ్ళీ పోయాయి.

"అత్తమ్మా, గీ ఇల్లే పిల్లకు పడ్తలేదు" అన్నది తార, గోడ వైపు చూస్తూ. "గా గోడల ఏమో ఉన్నది."

వెంకవ్వ కసురుకుంది. కానీ ఆ తర్వాత ఆమె కూడా వంటింట్లోకి ఒంటరిగా పోవాలంటే కొంగు భుజం చుట్టూ లాక్కునేది.

ఒకనాడు పిల్లకు ఫిట్స్ వచ్చాయి. నిజామాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తారు. ఆమె పిల్ల పెదవి పైకెత్తి టార్చి వేసింది. వెనక నిలబడ్డ వెంకవ్వకు అది కనిపించింది. పాలపళ్ళ మొదట్లో, చిగురు మీద, సన్నని నీలి నలుపు గీత.

"అమ్మా, గదే గీత" అన్నది. "మా ఆయిన సచ్చిపోయేటప్పుడు సుత గదే గీత ఉండె. గీ పిల్ల బీడీ తాగదు గదా."

డాక్టరమ్మ టార్చి ఆర్పి ఆమె ముఖంలోకి చూసింది. ఆయనకు చెయ్యి వాలిపోయిందా అని అడిగింది. ఎట్లా తెలిసిందో వెంకవ్వకు అర్థం కాలేదు. పిల్ల నెత్తురు తీసి హైదరాబాదుకు పంపారు. నెత్తురులో సీసం ఉందని తేలింది. కడుపునొప్పి, మాట పోవడం, ఫిట్స్, అన్నీ దానివల్లే. ఇక వేట మొదలైంది. ఇంట్లో ఎవరన్నా బ్యాటరీల పని చేస్తారా? గోడలకు పాత రంగులున్నాయా? పసుపులో ఎవరన్నా రంగు కలుపుతారా? రాజేశ్‌కు రోషం వచ్చింది. "మేం తినేది మా చేన్ల పసుపు మేడం. ఇంట్ల దంచుకుంటం" అన్నాడు. చివరికి తాగే నీళ్ళు ఒక సీసాలో పట్టి పంపమన్నది డాక్టరమ్మ.

ఆ సీసా వెంకవ్వే నింపింది. పరీక్ష ఫలితం వచ్చింది. నీళ్ళలో చెప్పుకోదగ్గ సీసం లేదు, భయం లేదు అన్నారు. దవాఖానలో పిల్లకు మందు పెట్టారు, మూత్రంలో సీసం పోతున్నదన్నారు. పిల్ల కొంత తేరుకుని ఇంటికొచ్చింది. నీళ్ళు మంచివని పరీక్షే చెప్పాక వెంకవ్వకు అడ్డేముంది? మర్నాడు తెల్లారగట్ల గోడ మూలిగింది. ఆమె చెంబు పట్టింది, పిల్ల తాగింది.

మళ్ళీ ఫిట్స్. ఈసారి మొదటికన్నా గట్టిగా. నెత్తురులో సీసం మునుపటికన్నా పెరిగిందని విని డాక్టరమ్మకే దిక్కుతోచలేదు. కాగితాలు పక్కకు నెట్టి, బల్ల మీద రెండు చేతులూ పెట్టి, వెంకవ్వను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"అప్పుడు నీళ్ళు సీసాలో పట్టింది ఎవరు?"

"నేనే."

"ఎప్పుడు పట్టావు?"

"పొద్దెక్కినంక. అందరు నీళ్ళు వట్టుకోని పోయినంక."

"పిల్ల తాగేది కూడా అవేనా?"

వెంకవ్వకు ఆ ప్రశ్న నచ్చలేదు. అంత దుఃఖంలోనూ ఆమె గొంతులో కొంచెం గర్వం పలికింది. "ఎట్లయితది మేడం? పిల్లకు తొలి చెంబు. రాత్రంత పైపుల ఉండి, తెల్లారంగనే వచ్చేటియి. మొదాలు మా ఆయినకు ఇస్తుంటి. తర్వాత గీ తారకు, మొదటి కడుపప్పుడు. ఇప్పుడు పిల్లకు. గా నీళ్ళు తీస్కపోయి మీ సీసల పోస్తనా? పిల్ల నోటికాడివి."

తార మెల్లగా చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. రాజేశ్ గోడకు ఆనుకున్నాడు. అర్థం కావాల్సిన వాళ్ళందరికీ అర్థమైంది, వెంకవ్వకే ఒక్క గుక్క ఆలస్యమైంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆ పైపు ఎట్లా ఉంటుందో అడిగింది, రాజేశ్ చెప్పాడు: బూడిద రంగు, బరువు, చేత్తో వంగుతుంది. అది సీసం పైపు అన్నదామె. ఉప్పు నీళ్ళకన్నా మెత్తటి నీళ్ళు సీసాన్ని ఎక్కువ కరిగిస్తాయట. రాత్రంతా కదలకుండా పైపులో నిలిస్తే ఇంకా ఎక్కువట. కాచినా పోదట. బిందెలకు బిందెలు పారినాక వచ్చేవాటిలో చాలా తక్కువట.

రాజేశ్ ఆ పొద్దే ఇంటికొచ్చి గునపంతో గోడ తవ్వాడు. పైపును కొడవలితో గీరితే లోపల వెండిలా తళుక్కుమంది. ఈ అందమైన లోహం తన తండ్రి చేతిని వాల్చిందంటే వాడికి నమ్మబుద్ధి కాలేదు. తోకలా చుట్టుకుని వాకిట్లో పడి ఉన్న దాన్ని చూడటానికి గల్లీ అంతా వచ్చింది. భాగ్యవ్వ కర్ర ఊనుకుంటూ వచ్చి నిలబడింది. "నేను సెప్పలేదా" అనలేదు. ఆమె అనకపోయినా, పైపులకెల్లి ఉసురు వస్తదా అని ముత్తెన్న నవ్విన నవ్వు వెంకవ్వ చెవిలో మోగింది. వచ్చింది. తన చేతుల మీదుగానే వచ్చింది.

మర్నాడు ఆమె బావికి కొత్త తాడు కట్టి, బొక్కెనతో చేది, తనే బిందె నెత్తిన పెట్టుకుని వెనక సందుకు పోయింది. లిదియా తలుపు తీసి బిత్తరపోయింది.

"గీ పైపు విషం పైపట బిడ్డా. నిన్ను ఊకెనే అన్న. నా నోరు పడిపోను" అని వెంకవ్వ ఏడ్చేసింది. ఏడుస్తూనే కృపను దగ్గరికి పిలిచింది. మొదటిసారి ఆ పిల్లను ముట్టుకుంది. గడ్డం పట్టి నోరు తెరవమన్నది. చిగుళ్ళు ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. ఏ గీతా లేదు.

"ఆఖర్న పోస్తుంటివి గదా పెద్దవ్వా" అన్నది లిదియా. ఎత్తిపొడుపు కాదు, ఊరికే అన్నది.

ఇంటికొచ్చి వెంకవ్వ రాజేశ్ గడ్డం గీసుకునే అద్దం తీసి, వాకిట్లో వెలుతురుకు నిలబడి, తన పెదవి పైకి లాగి చూసుకుంది. చూడాలని ఎందుకనిపించిందో ఆమెకే తెలియదు. చిగుళ్ళు ఎర్రగానే ఉన్నాయి. ఎవరిని తక్కువ చేసిందో వాళ్ళు బాగున్నారు. అందరికన్నా వెనక తాగిన తాను బాగుంది. ప్రాణం పెట్టుకున్నవాళ్ళకే ఆ గీత పడింది. అద్దం బోర్లించి అక్కడే కూలబడింది.

వర్షిత చాన్నాళ్ళకు ఇంటికొచ్చింది. నెత్తురులో సీసం దిగింది, ఎముకల్లోది మెల్లగా పోతుందన్నారు. మాటలు ఎన్ని వస్తాయో చెప్పలేమన్నారు. దవాఖానలో ఉన్నన్నాళ్ళు పిల్ల ఒక్క మాట పలకలేదు. ఇంటికొచ్చిన మర్నాడు తెల్లారగట్ల వెంకవ్వ బావి దగ్గర చేదుకుని లోపలికి వచ్చేసరికి, పిల్ల ఎప్పుడు లేచిందో, వంటింటి మూల కొత్తగా మట్టి మెత్తిన గోడకు చెవి ఆనించి నిలబడి ఉంది. చేతిలో ఇత్తడి చెంబు.

"నాయినమ్మా" అన్నది.

వెంకవ్వ బిందె దించి పరుగున పోయి మోకాళ్ళ మీద కూర్చుంది. పిల్ల చెంబు ముందుకు చాపింది.

"నా నీళ్ళు."

పోయిన మాటలన్నింటిలో ముందుగా తిరిగొచ్చినవి ఇవి. వెంకవ్వ బావి నీళ్ళు చెంబులో పోసింది. వర్షిత ఒక్క గుటక తాగి, ముఖం ముడిచి, చెంబును మెల్లగా వెనక్కి నెట్టింది.

"గివి కావు" అన్నది. "తియ్యటియి."

మళ్ళీ గోడకు చెవి పెట్టి, మూలుగు మొదలవుతుందని ఎదురుచూస్తూ నిలబడింది. చెంబు చేతిలో పట్టుకుని వెంకవ్వ ఆ పిల్ల పక్కనే కూర్చుంది.